లాకుల దగ్గర చెప్పగలిగిన మాట

ఓటర్ల జాబితాలో పేజీకి 30 పేర్లు. అడ్డంగా మూడు గళ్లు, నిలువుగా పది. ఒక్కో గడిలో క్రమ సంఖ్య, గుర్తింపు కార్డు నంబరు, పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఇంటి నంబరు, వయసు, ఆడో మగో. అంతే. 2014 నుంచి నేను చేస్తున్న ఉద్యోగానికి ఈ కాగితమే పునాది. ఎన్నికల ప్రచారంలో డేటా, ఆన్‌లైన్ యాడ్స్ నా విభాగం. ఏ ఊళ్లో ఎవరికి ఏ మాట చేరాలో లెక్కగట్టడం, ఆ మాటను వాళ్ల ఫోన్ దాకా చేర్చడం నా పని.

జాబితాలో ఫోన్ నంబరు ఉండదు. కులం ఉండదు. ఏ పార్టీ మనిషో ఉండదు. ఆ మూడూ రాబట్టి ఇస్తామనే నమ్మకంతోనే పార్టీలు మాలాంటివాళ్లను పెట్టుకుంటాయి.

మొదటి ఏడాది ఒక బూత్ కమిటీ సమావేశానికి వెళ్లాను. పెంకుటింటి అరుగు మీద ఐదారుగురు కూర్చున్నారు. మధ్యలో జాబితా, పెన్సిలు. యాభై ఏళ్ల మనిషి ఒకాయన పేర్లు చదువుకుంటూ పోతున్నాడు. "నలభై ఏడు, పోయాడు. నలభై ఎనిమిది, కూకట్‌పల్లిలో ఉంటున్నారు, పోలింగుకి వస్తారు. నలభై తొమ్మిది, మనవాడే. యాభై, వాళ్లవాడు. యాభై ఒకటి, అమ్మాయికి పెళ్లయింది, పేరు తీయించలేదు. యాభై రెండు, అడగాలి." వెయ్యి చిల్లర ఓట్ల బూత్‌ను రెండు గంటల్లో ముగించాడు. ఒక్కచోట కూడా తడుముకోలేదు. ఆయన బుర్రలో ఉన్నదాన్ని ఎక్సెల్‌లోకి దించడాన్నే మా భాషలో డేటా అంటారు.

చాలా ఏళ్ల తర్వాత గాని నాకు ఒక సంగతి తట్టలేదు. ఆ అరుగు మీది మనిషికి ఊరందరి గురించి తెలుసు. ఆయన గురించి కూడా ఊరందరికీ తెలుసు. ఎవరింట్లో ఏమన్నాడో మర్నాటికి బయటపడుతుంది కాబట్టి నోరు అదుపులో పెట్టుకుంటాడు. అదే సమాచారం హైదరాబాదులో ఒక అద్దె భవనం మూడో అంతస్తులోని మా ఆఫీసుకు చేరాక వాళ్ల గురించి నాకు తెలుస్తుంది, నేనెవరో వాళ్లకు తెలియదు. నా నోటికి ఆ అదుపు లేదు.

జాబితా చేతికి రావడమే ఒక పెద్ద పని. 2018లో ఎన్నికల సంఘం వెబ్‌సైట్లలో జాబితాలను బొమ్మల రూపంలోకి మార్చింది. కంప్యూటరు చదవగలిగే టెక్స్ట్ రూపంలో ఇవ్వాలంటూ కాంగ్రెస్ నాయకుడు కమల్‌నాథ్ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబరులో తోసిపుచ్చింది. ఓటర్ల వివరాలను గంపగుత్తగా తోడుకోకుండా చూడాలన్నది సంఘం వాదన. అప్పటినుంచి మాకు రాత్రిళ్లు పెరిగాయి. బొమ్మల్లోని తెలుగు అక్షరాలను సాఫ్ట్‌వేరు తప్పుగా చదివేది. ఒత్తులు ఎగిరిపోయేవి. "వెంకటరమణ" ఒకే ఇంట్లో మూడు రకాలుగా తేలేవాడు. ఇరవై మంది కుర్ర ఉద్యోగులు కూర్చుని పేరు పేరునా సరిచేసేవాళ్లు.

రెండో ముడిసరుకు ఫారం-20. ఫలితాల తర్వాత ప్రతి నియోజకవర్గానికీ ఇది వస్తుంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు. పాత ఫారం-20లు ముందేసుకుని బూత్‌లను ఏ, బీ, సీ అని విడగొడతాం. మనకు గట్టివి, ఊగిసలాడేవి, ఆశ లేనివి. డబ్బూ మనుషులూ ఎక్కువగా బీలకు వెళ్తాయి.

ఈ కాగితంతో చెడు కూడా చేయొచ్చు. బ్యాలెట్ పేపర్ల కాలంలో లెక్కింపుకు ముందు వేర్వేరు బూత్‌ల ఓట్లను కలిపేసే వీలుండేది. ఈవీఎంలు వచ్చాక ప్రతి బూత్ అంకె విడిగా బయటికొస్తోంది. అన్నిటినీ కలిపి మొత్తం మాత్రమే చూపే టోటలైజర్ యంత్రాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. ఇప్పటికీ అది రాలేదు. నేను తయారుచేసిన పట్టిక చూసి ఒక నాయకుడు "ఈ వీధి మనకు వేయలేదు, వీళ్లకు రోడ్డెందుకు?" అన్నాడు. ఆ గదిలో ఎవరూ బదులు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇక ఫోన్ నంబర్లు. మిస్డ్ కాల్ ఇవ్వండి అంటే కొన్ని వస్తాయి. సభ్యత్వాల నుంచి కొన్ని, మెడికల్ క్యాంపులో పేరు రాయించుకున్నప్పుడు కొన్ని. అవి చాలవు. ఒకరోజు మా ఆఫీసుకు పెన్‌డ్రైవ్ వచ్చింది. ఒక నియోజకవర్గంలోని వేలమంది పేర్లు, చిరునామాలు, నంబర్లు అందులో ఉన్నాయి. కాలమ్‌ల పేర్లు చూస్తేనే తెలిసిపోతోంది, జనం ఇంకేదో అవసరానికి ఇంకెవరికో ఇచ్చుకున్న వివరాలవి. ఎక్కడిదని నేను అడగలేదు. గడువు దగ్గరపడిందని చెప్పుకుని జాబితాతో జతచేశాను. అది తప్పని అప్పుడూ తెలుసు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. 2019 మార్చిలో ఓటర్ల డేటా చుట్టూ హైదరాబాదులో పోలీసు కేసులు నడిచాయి, రెండు తెలుగు రాష్ట్రాలూ పోటాపోటీగా ప్రత్యేక దర్యాప్తు బృందాలు (సిట్‌లు) వేశాయి. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో ఓట్లు తీసేయమంటూ ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. మాకు ఓటరును వెతికిపెట్టే అదే సమాచారం, ఓటరును జాబితాలోంచి తీసేయాలనుకునేవాడికి కూడా పనికొస్తుంది. పార్లమెంటు 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో 18 నెలల గడువు ఇచ్చారు.

ఎన్నికల ప్రచారాలకు పనిచేసిన కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీ వ్యవహారం 2018 మార్చిలో బయటపడింది. 8.7 కోట్లమంది ఫేస్‌బుక్ వివరాలు చేజారి ఉండొచ్చని, అందులో భారతీయులు 5,62,455 మంది ఉండొచ్చని ఫేస్‌బుక్కే లెక్క చెప్పింది. ఆ మే నెలలో కేంబ్రిడ్జ్ అనలిటికా మూతపడింది. ఇక ఇలాంటి పని చేయించుకోవడానికి నాయకులు జంకుతారనుకున్నాను. మా దగ్గరికి వచ్చినవాళ్లు మాత్రం "అలాంటిది మనమూ చేయగలమా?" అని అడిగారు. మనసు మార్చే మంత్రమేదో మా దగ్గర ఉందని వాళ్ల నమ్మకం. నా అనుభవంలో అలాంటి మంత్రం లేదు. గట్టిగా నిర్ణయించుకున్న మనిషిని ఏ యాడ్ కదిలించగా నేను చూడలేదు. తటపటాయిస్తున్నవాడికి ఒక కారణం అందించడం, మనవాడే అయినా బద్ధకించేవాడిని ఇంట్లోంచి కదిలించడం, ఈ రెండే మా చేతిలో ఉన్నవి. వందల ఓట్లతో తేలే చోట ఆ రెండూ చాలు.

యాడ్ ఎలా వెళ్తుందో చెబుతాను. నంబర్ల జాబితాను ఫేస్‌బుక్‌లోకి ఎక్కిస్తే, ఆ నంబర్లతో ఖాతాలున్నవాళ్లను అది జతచేస్తుంది. దాన్ని కస్టమ్ ఆడియన్స్ అంటాం. వాళ్లను పోలినవాళ్లను తనే వెతికిపెడితే లుక్‌అలైక్. నంబర్లు లేనిచోట పిన్‌కోడ్, వయసు, భాష పెట్టుకుంటాం. అసెంబ్లీ నియోజకవర్గం హద్దు మాత్రం ఆ యంత్రానికి తెలియదు. 2008 పునర్విభజనలో గీసిన గీతలకూ తపాలా శాఖ పిన్‌కోడ్‌లకూ పొంతన లేదు. ఒకే పిన్‌కోడ్‌లో సగం ఊళ్లు మనవి, సగం పక్క నియోజకవర్గానివి. అందుకని పెద్ద పటం పరిచి, ఊరు ఊరుకూ పిన్‌కోడ్ రాసుకుని, కలిసేవేవో కలవనివేవో రంగులు వేసేదాన్ని. ఒకే వీడియోను నాలుగు రకాలుగా కోసి వదిలి, ఏది ఎక్కువసేపు చూస్తున్నారో గమనించి మిగతావి ఆపేసేవాళ్లం. స్టూడియోలో తీసిన ఉపన్యాసం కంటే, చెప్పులు చేత్తో పట్టుకుని అభ్యర్థి బురదలో నడిచిన 15 సెకన్ల ముక్క మేలుగా పోయేది.

దీనికి నియమాలున్నాయి. ఎన్నికల సంఘం 2013 అక్టోబరు 25న ఇచ్చిన ఆదేశాల ప్రకారం అభ్యర్థి తన సోషల్ మీడియా ఖాతాలను అఫిడవిట్‌లో చూపాలి. ఇంటర్నెట్ ప్రకటనలను కూడా మీడియా సర్టిఫికేషన్ అండ్ మానిటరింగ్ కమిటీకి (ఎంసీఎంసీ) ముందే చూపించి సర్టిఫికెట్ తీసుకోవాలి. గుర్తింపు పొందిన పార్టీలైతే ప్రసారానికి మూడు రోజుల ముందు దరఖాస్తు చేయాలి. ఖర్చును అభ్యర్థి లెక్కలో వేయాలి. ఆ లెక్కకు పరిమితి 2019లో మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థికి 28 లక్షలు, 2022 నుంచి 40 లక్షలు. ఫేస్‌బుక్ 2019 ఫిబ్రవరి నుంచి రాజకీయ యాడ్ మీద ఎవరు డబ్బు కట్టారో వేయడం, ఆ యాడ్స్‌ను అందరూ చూడగలిగే లైబ్రరీలో ఉంచడం మొదలుపెట్టింది.

కాగితం మీద ఇవి మంచి నియమాలే. ఆచరణలో నేను చూసింది వేరు. పార్టీ పేరు మీద నడిచే పేజీకి సర్టిఫికెట్ తీసుకునేవాళ్లం. ఊరి పేరో, యువత పేరో, రైతు పేరో పెట్టుకున్న పేజీలు పక్కన మరికొన్ని ఉండేవి. పరుషమైన మాట ఏదైనా వాటిలోంచే పోయేది. వాటి ఖర్చు ఎవరి లెక్కలోకీ వచ్చేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి.

2019 మార్చి. గోదావరి డెల్టాలో ఒక నియోజకవర్గం. రెండో పంట అయిన దాళ్వా వరి పొట్ట దశలో ఉంది. కాలువలో నీళ్లు చాలక వంతులవారీగా వదులుతున్నారు. మా సర్వేలో పైనుంచి కిందిదాకా అందరూ చెప్పిన బాధ ఒకటే, నీళ్లు. కాకపోతే ఎగువ ఊళ్లలో "మా తూములు కట్టేసి కిందికి వదిలేస్తున్నారు" అన్నారు. శివారు ఊళ్లలో "పైవాళ్లు ఇంజన్లు పెట్టి తోడేస్తున్నారు, మా చేలు బీటలిస్తున్నాయి" అన్నారు. ఎగువ ఊళ్ల పిన్‌కోడ్‌లు వేరు, శివారు పిన్‌కోడ్‌లు వేరు. నా పటం మీద అంత శుభ్రంగా విడిపోయిన సమస్య అంతకుముందు ఎప్పుడూ దొరకలేదు.

రెండు యాడ్‌లు చేయించాను. రెంటిలోనూ అదే అభ్యర్థి, అదే కాలువ గట్టు, అదే చొక్కా. ఒకదానిలో "మీ వంతు నీళ్లలో ఒక్క గంట కూడా తగ్గనివ్వను" అన్నాడు. రెండోదానిలో "చివరి ఎకరం తడిసేదాకా నీళ్లు తెస్తాను" అన్నాడు. మొదటిది ఎగువకు, రెండోది శివారుకు. రెండూ బ్రహ్మాండంగా పోయాయి. షేర్లు, కామెంట్లు, చూసిన నిమిషాలు అన్నీ పైకే. ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు.

వారం తర్వాత శివారు ఊళ్లో జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి వెళ్లాను. ఒక పెద్దాయన చేను గట్టు మీదికి పిలిచాడు. నేల నెర్రెలిచ్చింది. కంకి పాలు పోసుకోకుండానే ఆకు చివర్లు ఎండుతున్నాయి. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"అమ్మా, మొన్న మనవడి అన్నప్రాసనకు మా అల్లుడిగారి ఊరు వెళ్లానండి. పై ఊరు. మా అల్లుడు నాకిది చూపించాడు. వాళ్లకు తగ్గించనన్నాడు. మాకు పెంచుతానన్నాడు. కాలువ ఒకటే కదమ్మా. మాకు పెరిగే నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తాడు?"

"అభ్యర్థిగారితో మాట్లాడి చెప్తానండి బాబాయ్‌గారూ" అన్నాను. అంతకంటే నా దగ్గర మాట లేదు.

ఆయన కోపంగా లేడు. అది ఇంకా కష్టంగా అనిపించింది. "పూర్వం కాలువ లాకుల దగ్గర మీటింగ్ పెట్టేవారమ్మా. పై ఊళ్లవాళ్లూ మేమూ అక్కడే నిలబడేవాళ్లం. అక్కడ మైకు పట్టుకుని ఈ రెండు మాటలూ ఎవరూ అనలేరు. ఏదో ఒకటి తేల్చాలి. నచ్చినా నచ్చకపోయినా తేల్చేవారు" అన్నాడు.

ఆ రాత్రే ఆఫీసుకు ఫోన్ చేసి రెండు యాడ్‌లూ ఆపుదామన్నాను. "రెండూ బాగా పోతున్నాయి కదా, ఎందుకు ఆపడం?" అన్నారు. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. ఆపగలను. ఆపలేదు. ప్రచారం ముగిసేదాకా అవి నడిచాయి. పోలింగు ఏప్రిల్ 11న అయింది. నా జీతం నేను తీసుకున్నాను. ఎవరు గెలిచారన్నది ఇక్కడ అనవసరం. ఎవరు గెలిచినా ఆ కాలువలో నీళ్లు అంతే.

ఆ పెద్దాయన మాట తర్వాత నా పనిని నేను వేరేగా చూడటం మొదలుపెట్టాను. ఒక్కొక్కరికీ కావలసిన మాట వాళ్ల భాషలో చెప్పడంలో తప్పు లేదు. ఇంటింటికీ తిరిగే నాయకుడు చేసేదీ అదే. కాలేజీ కుర్రాడికి ఉద్యోగాల గురించి, పెన్షన్ తీసుకునే అవ్వకు పెన్షన్ గురించి చెబుతాం. ఆ కుర్రాడు అవ్వకు చెప్పినది విన్నా ఇబ్బంది లేదు. కానీ ఒకరికి చెప్పింది రెండోవాళ్లు వింటే కూలిపోయే మాట అబద్ధం. గోడ మీద పోస్టరు అంటిస్తే ఊరంతా చూస్తుంది, కింద అచ్చువేసినవాడి పేరుండాలని చట్టమూ ఉంది. మేం చేసే యాడ్ ఒక్కరి అరచేతిలోనే వెలుగుతుంది. పక్కింటివాడు ఏం చూశాడో తెలియదు. ప్రత్యర్థి ఖండించాలన్నా అతనికి కనబడాలి కదా. లైబ్రరీలో ఆ రెండు యాడ్‌లూ ఉన్నాయి. ఏది ఏ ఊరికి పోయిందో మాత్రం అందులో లేదు.

కంపెనీలు కొంత మారాయి. గూగుల్ 2020 జనవరి నుంచి ఎన్నికల యాడ్స్‌ను వయసు, స్త్రీ పురుష భేదం, పిన్‌కోడ్ స్థాయి ప్రాంతం ఆధారంగానే మనుషులకు గురిపెట్టనిస్తోంది, ఫోన్ నంబర్ల జాబితాలు ఎక్కించనివ్వదు. మెటా 2022 జనవరిలో మతం, రాజకీయ అభిప్రాయాలవంటి సున్నితమైన ఆసక్తులను ఎంచుకునే వీలు తీసేసింది. అయితే పిన్‌కోడ్ మిగిలే ఉంది. నా రెండు యాడ్‌లకు పిన్‌కోడే సరిపోయింది. వాట్సాప్ అయితే పూర్తిగా చీకటి. ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా 2018 జులైలో మన దేశంలో కట్టడి పెట్టారు. బూత్‌కో గ్రూపు, గ్రూపుకో మనిషి ఉంటే ఆ కట్టడి పెద్ద అడ్డు కాదు. అక్కడ లైబ్రరీ లేదు, ఎవరు డబ్బు కట్టారన్న గీత లేదు. 2024లో నాయకుల గొంతులు, ముఖాలు ఏఐతో పుట్టించడం జోరందుకుంది. అలాంటి నకిలీలు దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసేయాలని ఎన్నికల సంఘం ఆ మే 6న పార్టీలకు చెప్పాల్సివచ్చింది. పల్లెలో మూడు గంటలంటే ఒక వీడియో మూడు మండలాలు చుట్టొచ్చే సమయం.

ఈ పనంతా చెడ్డదని నేననను. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ, తెలంగాణలో లోక్‌సభకూ ఒకేరోజు పోలింగు. హైదరాబాదులో ఉంటూ సొంతూళ్లో ఓటున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ ఎన్నికల్లో నాకు బాగా నచ్చిన యాడ్‌లో వాగ్దానమే లేదు. మియాపూర్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ ఉన్నవాళ్లకు మూడు మాటలే చెప్పాం. జాబితాలో మీ పేరుందో లేదో ఇప్పుడే చూసుకోండి. మీ బూత్ ఏదో ఇక్కడ వెతకండి. ఓటరు కార్డు లేకపోయినా ఎన్నికల సంఘం ఒప్పుకునే 12 గుర్తింపు పత్రాలు ఇవి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు ఆ లింకును ఊళ్లోని అమ్మానాన్నలకు పంపారు. పేరు గల్లంతైన కుటుంబాలు గడువు ఉండగానే పేరు చేర్చమంటూ ఫారం-6 పెట్టుకున్నాయి. పోలింగు రోజు కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటేదాకా క్యూలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం ఓటేశారు. ఆ ఓపిక జనానిది, ఘనత కూడా వాళ్లదే. బూత్ చిరునామా తెలియక వెనుదిరిగేవాళ్లను కొందరిని మేం తగ్గించి ఉంటే, ఆ ఎక్సెల్ పట్టికలకు అంతకంటే మంచి ఉపయోగం నాకు తెలియదు.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు మొదటి రోజే రెండు నియమాలు చెబుతున్నాను. ఎక్కడిదో చెప్పలేని నంబరు మన జాబితాలోకి రాకూడదు. నియోజకవర్గం మొత్తాన్ని లాకుల దగ్గర నిలబెట్టి మైకులో చెప్పలేని మాట ఏ ఒక్కరి ఫోన్‌కూ వెళ్లకూడదు. ఈ రెండో నియమం వల్ల రెండు కాంట్రాక్టులు పోయాయి. పోనివ్వండి.

చదువుతున్న మీకు ఒక మనవి. వచ్చే ఎన్నికల్లో మీ ఫోన్‌లో ఏ పార్టీ యాడ్ కనిపించినా, కింద ఎవరు డబ్బు కట్టారో చదవండి. పేరు తెలియని పేజీ అయితే నమ్మకండి. మీ నంబరు ఎవరైనా అడిగితే ఎందుకని అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, మీకు వచ్చిన యాడ్‌ను పక్క ఊళ్లో ఉన్న మీ చుట్టాలకు చూపించండి, వాళ్లకు ఏమొచ్చిందో కనుక్కోండి. రెండు మాటలూ ఒక కాలువలో పడతాయో లేదో మీకే తెలుస్తుంది.